చేప కంటిలో తెల్లపొర: కంటి ఫ్లూక్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నదిలో పట్టిన చేపకు కన్ను తెల్లగా ఉంది. అది కంటి ఫ్లూకేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ముందు తెల్లదనం కన్నులో ఎక్కడుందో చూడండి. చేపను నీడలోకి తెచ్చి, కంటికి పక్క నుంచి చిన్న టార్చి వెలుగు వేయండి. కంటి పైపొర, అంటే కార్నియా, పాలగాజులా మసకబారి లోపల ఏమీ కనిపించకపోతే అది ఎక్కువగా వల రాపిడి, దెబ్బ, బ్యాక్టీరియా, ఫంగస్ లాంటి వాటి పని. పైపొర నిర్మలంగా ఉండి, నల్లని కంటిపాప వెనక గుండ్రటి కటకం (లెన్స్) ముత్యంలా తెల్లగా కనిపిస్తుంటే అది శుక్లం. నది చేపల్లో శుక్లానికి మొదట అనుమానించాల్సింది కంటి ఫ్లూక్‌నే. అయినా కన్ను కోసి పురుగును కళ్లారా చూసేదాకా అది అనుమానమే.

కంటి ఫ్లూక్ అంటే ఏమిటి?

చప్పటి పురుగుల్లో ట్రెమటోడ్ అనే తరగతికి చెందిన పరాన్నజీవి. గొర్రెలు, పశువుల కాలేయంలో ఉండే కార్జపు జలగది ఇదే తరగతి. పేరులో జలగ ఉన్నా అది జలగ కానట్టే ఇదీ జలగ కాదు. చేపల కటకంలో ఉండేవి ముఖ్యంగా డిప్లోస్టోమమ్ ప్రజాతివి. వీటిలో బాగా తెలిసినది డిప్లోస్టోమమ్ స్పథేసియమ్. పెద్ద పురుగును రుడోల్ఫి 1819లో వర్ణించాడు. చేపల కళ్లలో దొరికిన పిల్ల పురుగులను చూసి డిప్లోస్టోమమ్ అనే పేరు పెట్టింది నార్డ్‌మన్, 1832లో. గ్రీకులో ఆ మాటకు రెండు నోళ్లది అని అర్థం. నిజానికి నోరు ఒకటే. రెండో నోరులా కనిపించేది పొట్ట వైపున ఉండే అంటుబిళ్ల.

చేప కంట్లో ఉండేది పెద్ద పురుగు కాదు. పొడవు అర మిల్లీమీటరుకు మించని పిల్ల దశ, పేరు మెటాసెర్కేరియా. అది చేపలో గుడ్లు పెట్టదు, సంఖ్య పెరగదు. కంట్లో యాభై ఉన్నాయంటే యాభై సార్లు బయటి నుంచి లోపలికి దూరాయన్న మాట. ఈ ఒక్క విషయం గుర్తుంటే కింద చెప్పే నివారణ పద్ధతులన్నీ ఎందుకో తేలిగ్గా అర్థమవుతాయి.

అది చేప కంట్లోకి ఎలా చేరుతుంది?

దీని బతుకు మూడు జీవుల్లో సాగుతుంది: చేపలు తినే పక్షి, నత్త, చేప.

పెద్ద పురుగు గల్ లాంటి నీటి పక్షుల పేగుల్లో ఉంటుంది. గుడ్లు రెట్టతో పాటు నీళ్లలో పడతాయి. గుడ్డు పొడవు మిల్లీమీటరులో పదో వంతు. నీళ్లు 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటే రెండు మూడు వారాల్లో పొదిగి, ఒళ్లంతా సన్నని నూగుతో ఈదే మిరాసీడియం బయటికి వస్తుంది. ఒకరోజు అటూఇటూగా దానికి నత్త దొరకాలి, లేకపోతే చచ్చిపోతుంది. ఆ నత్త కూడా ఏదైతే అది పనికిరాదు, లిమ్నియా కుటుంబపు మంచినీటి నత్త కావాలి.

అసలు పెరుగుదల జరిగేది నత్త లోపలే. ఒక్క మిరాసీడియం సంచుల్లాంటి స్పోరోసిస్టులుగా మారి, వాటిలో మళ్లీ పిల్ల స్పోరోసిస్టులు పుట్టి, కొన్ని వారాల తర్వాత సెర్కేరియాలు, అంటే చేపను వెతికి ఈదే పిల్ల దశలు, వెలువడడం మొదలవుతుంది. పెద్ద లిమ్నియా నత్త ఒక్కటి, వెచ్చని రోజుల్లో, ఒక్క రోజులో వేలల్లో వదులుతుంది. పదివేలు దాటడం కూడా ఉంది. ఇలా వారాలు, నెలల తరబడి సాగుతుంది. ఈ పురుగు పట్టిన నత్తకు సంతానం ఉండదు, దాని శక్తి అంతా పురుగుల ఉత్పత్తికే పోతుంది.

సెర్కేరియాకు చీలిన తోక ఉంటుంది. నీళ్లలో కాసేపు పైకి ఈది, తర్వాత కదలకుండా తల కిందికి, తోక పైకి పెట్టి, చీలిన రెండు కొసలూ విచ్చుకుని మెల్లగా దిగుతుంది. చేప దగ్గరికి వస్తే మొప్పల ద్వారానో, చర్మం ద్వారానో, రెక్కల ద్వారానో దూరుతుంది. దూరేటప్పుడే తోక ఊడిపోతుంది. అక్కడి నుంచి కణజాలం, రక్తం గుండా సుమారు 24 గంటల్లో కటకం చేరాలి. దారిలో చాలా భాగం చేప రోగనిరోధక శక్తికి బలవుతాయి. చేరినవి కటకంలో కుదురుకుని, నీటి వేడిని బట్టి నెల నుంచి రెండు నెలల్లో పక్షికి సోకే స్థితికి వస్తాయి. ఆ చేపను పక్షి తింటే వారం తిరగకముందే పురుగు పెద్దదై గుడ్లు మొదలుపెడుతుంది.

ఒక చేప నుంచి మరో చేపకు అంటుకుంటుందా?

అంటుకోదు. తెల్లకన్ను చేపను మంచి చేపలతో ఒకే తొట్టిలో ఏడాది ఉంచినా, నత్త లేకపోతే ఏమీ కాదు. కాబట్టి తెల్లకన్ను చేపలను ఏరి పారేస్తే రోగం పోతుందన్న ఆలోచన తప్పు. వాటిని తీసేయడానికి వేరే కారణాలు ఉండొచ్చు: మేత అందక చిక్కిపోతాయి, పక్షులను రప్పిస్తాయి. సోకడం మాత్రం ఆగదు.

అన్ని చోట్లూ వదిలి కంట్లోనే ఎందుకు?

కటకంలో రక్తనాళాలు లేవు. రక్తం వెళ్లని చోటికి తెల్లకణాలూ ప్రతిరక్షకాలూ వెళ్లవు. పురుగుకు అంతకంటే భద్రమైన చోటు చేప ఒంట్లో లేదు. అందుకే కటకంలో చేరినది ఏళ్ల తరబడి బతికే ఉంటుంది. ఒకసారి సోకిన ట్రౌట్ లాంటి చేపలు కొత్తగా దూరే సెర్కేరియాలను కొంతవరకు అడ్డుకోగలుగుతాయి గానీ, అప్పటికే కటకంలో ఉన్నవాటిని ఏమీ చేయలేవు.

కంట్లో కటకమే కాక ఇతర చోట్లు కూడా కొన్ని జాతులకు నివాసం. టైలోడెల్ఫిస్ ప్రజాతి పురుగులు కటకం వెనక ఉన్న జిగురు ద్రవంలో స్వేచ్ఛగా కదులుతుంటాయి. కొన్ని డిప్లోస్టోమమ్ జాతులు రెటీనా దగ్గర ఉంటాయి. ఇలాంటి చేపలకు కటకం నిర్మలంగానే ఉంటుంది, కన్ను బయటికి బాగానే కనిపిస్తుంది, లోపల మాత్రం వందకు పైగా పురుగులు ఉండొచ్చు. న్యూజిలాండ్‌లోని బుల్లీ అనే చిన్న చేపలో టైలోడెల్ఫిస్ కదలికలను రాత్రీ పగలూ గమనించారు. పగలు అవి కటకానికీ రెటీనాకూ మధ్య చేరి చూపుకు అడ్డుపడుతున్నాయి, రాత్రి కంటి అడుగుకు దిగిపోతున్నాయి. పగలు వేటాడే పక్షికి ఇది ఎంత అనుకూలమో చెప్పనక్కర్లేదు.

ఎన్ని పురుగులుంటే చూపు పోతుంది?

ఒకే అంకె చెప్పడం సరికాదు. చేప సైజు, జాతి, పురుగులు ఎంతకాలంగా ఉన్నాయి, అన్నీ లెక్కలోకి వస్తాయి. కటకానికి నాలుగైదు ఉంటే బయటికి ఏమీ తెలియకపోవచ్చు. పదుల్లో ఉంటే మసక కనిపిస్తుంది. వందల్లో ఉన్నప్పుడు కటకం మొత్తం తెల్లబడడం, ఆకారం చెడడం, పైతొడుగు చిట్లి కటకం పగిలిపోవడం జరుగుతాయి. పురుగులు కటకం పైభాగపు మెత్తని పొరల్లో తింటూ తిరుగుతాయి, విసర్జించే పదార్థాలు చుట్టూ పేరుకుంటాయి, కటకం పీచులు చెదిరి వెలుగు సూటిగా పోదు.

మసకను 0 నుంచి 4 వరకు అంకెలతో రాసుకోవడం మంచి పద్ధతి. మసక లేకపోతే 0, కటకంలో 10 శాతం లోపు అయితే 1, 10 నుంచి 50 శాతం అయితే 2, 50 నుంచి 75 అయితే 3, అంతకు మించితే 4. కుడి కన్నుకు, ఎడమ కన్నుకు విడివిడిగా రాయాలి.

చేప చచ్చిపోతుందా?

పెద్ద చేప శుక్లంతో నేరుగా చావదు. చూపు తగ్గి మేత పట్టుకోలేక చిక్కిపోతుంది, ఎదుగుదల ఆగుతుంది, పక్షి వాత పడుతుంది. నదిలో తెల్లకన్ను చేపలు తక్కువగా కనిపించినంత మాత్రాన సోకడం తక్కువని అనుకోకూడదు. బాగా సోకినవి అప్పటికే పక్షుల పొట్టల్లోకి పోయి ఉండొచ్చు.

చేపపిల్లల విషయం వేరు. వేలి పొడవు కూడా లేని పిల్లలకు ఒకేసారి పదుల్లో, వందల్లో సెర్కేరియాలు దూరితే మొప్పల్లో, కళ్ల చుట్టూ, తలలో రక్తస్రావమై ఒకట్రెండు రోజుల్లో చచ్చిపోతాయి. అప్పటికి శుక్లం ఏర్పడే వ్యవధే ఉండదు. కళ్లు నిర్మలంగా ఉన్నాయి కాబట్టి ఫ్లూక్ కాదని తోసేస్తే పొరపాటు. ఇలాంటి చావుల్లో పిల్లలు గిరగిర తిరగడం, రంగు నల్లబడడం, రెక్కల మొదళ్లలో ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. ఇవి వేరే రోగాల్లోనూ ఉంటాయి గనుక, చచ్చిన వెంటనే కటకాలు, మెదడు, మొప్పలు గాజు పలకల మధ్య నొక్కి సూక్ష్మదర్శినితో చూడాలి.

పురుగు చేప నడవడిక మారుస్తుందా?

మారుస్తుంది, అదీ పురుగు వయసును బట్టి. డేస్ అనే నది చేపల మీద చేసిన పరిశీలనల్లో, సోకినవి ఆహారానికి బాగా దగ్గరగా వస్తే గానీ గుర్తించలేకపోయాయి. మేతకు ఎక్కువసేపు పట్టడంతో నీటి పైభాగంలో ఎక్కువగా గడిపాయి. ట్రౌట్‌లో మరో సంగతి తేలింది. కంట్లోని పురుగు ఇంకా ముదరనప్పుడు చేప మామూలుకంటే జాగ్రత్తగా ఉంటుంది, అంత తేలిగ్గా దొరకదు. పురుగు పక్షికి సోకే స్థితికి వచ్చాక అదే చేప జాగ్రత్త వదిలేస్తుంది. ముదరకముందే పక్షి తింటే పురుగుకూ చావే గనుక ఈ తేడా దానికి మేలు చేస్తుంది.

నదిలో ఏ చోట్ల, ఏ కాలంలో ఎక్కువ?

నత్త ఎక్కడుంటే అక్కడ. లిమ్నియా నత్తలకు పారే నడి ఏరు నచ్చదు. ఒడ్డు వార నిలకడ నీళ్లు, మడుగులు, కలుపు మొక్కలు పెరిగిన చోట్లు, ఆనకట్ట వెనక నిలిచిన భాగం, పంట కాలవలు వాటి స్థావరాలు. అందుకే ఒకే నదిలో రెండు వందల అడుగుల దూరంలో పట్టిన చేపల్లో కూడా చాలా తేడా ఉంటుంది. కాలం విషయానికొస్తే, నీళ్లు 10 డిగ్రీలు దాటాక సెర్కేరియాల విడుదల ఊపందుకుంటుంది, వేడి పెరిగేకొద్దీ పెరుగుతుంది. చల్లని దేశాల్లో వేసవి చివర పట్టిన చేపల్లో కొత్త పురుగులు ఎక్కువ. నీళ్లు ఏడాదంతా వెచ్చగా ఉండే చోట సోకడానికీ ఏడాదంతా అవకాశమే.

చేప జాతుల పట్టింపు దీనికి తక్కువ. ట్రౌట్, సాల్మన్, పెర్చ్, రోచ్, కార్ప్, గడ్డి చేప ఇలా వందకు పైగా జాతుల్లో దొరికింది. సాల్మన్ సముద్రానికి వెళ్లాక కొత్తగా సోకదు గానీ, నదిలో సోకినవి కంట్లోనే ఉండిపోతాయి.

కన్ను కోసి నిర్ధారించడం ఎలా?

చేప తాజాగా ఉండాలి. ఐసులో పెట్టినది, ఫ్రీజర్‌లోది, ఫార్మలిన్‌లో వేసినది పనికిరాదు. వాటిలో ఆరోగ్యమైన కటకం కూడా తెల్లబడుతుంది, పురుగులు కదలవు. కావలసినవి: వంపు కత్తెర, సన్నని పట్టకారు, రెండు సూదులు, పెట్రీ డిష్‌లు, గాజు పలకలు, 20 నుంచి 40 రెట్లు పెద్దది చేసే సూక్ష్మదర్శిని, లీటరు నీళ్లకు 6.5 నుంచి 9 గ్రాముల ఉప్పు కలిపిన ద్రావణం. మామూలు నీళ్లు వాడితే పురుగులు ఉబ్బి పగిలిపోతాయి.

చేపను నొప్పి తెలియకుండా చంపాక, కత్తెర మొనను కంటిగుంట అంచు వెంట తిప్పి కండరాలు తెంచి, వెనకనున్న నరం కత్తిరించి కన్ను మొత్తం బయటికి తీయండి. కుడి కన్ను ఒక డిష్‌లో, ఎడమ కన్ను మరో డిష్‌లో. ఉప్పునీళ్లలో ఉంచి కార్నియాను చుట్టూ కోస్తే, కొంచెం నొక్కగానే కటకం గుండ్రటి పూసలా బయటికి వస్తుంది. దాన్ని వేరే డిష్‌లోకి మార్చండి. మిగిలిన జిగురు ద్రవం ఒక పలక మీద, రెటీనా మరో పలక మీద. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. అన్నీ ఒకే చుక్కలో కలిపేస్తే ఏ పురుగు ఎక్కడిదో తేలదు, జాతి ఊహించడానికి ఉన్న ఒకే ఒక్క ఆధారం పోతుంది.

కటకం తొడుగును రెండు సూదులతో చీల్చి, పైన మెత్తగా ఉన్న పొరను ఉప్పునీటి చుక్కలో విడదీయండి. మధ్యలోని గట్టి గింజలో సాధారణంగా పురుగులు ఉండవు. పలక మీద మెల్లగా నొక్కి చూస్తే, అండాకారపు చప్పటి జీవాలు ఒకసారి సాగి సన్నబడి, ఒకసారి ముడుచుకుని గుండ్రబడుతూ కదులుతాయి. ముందు కొసన నోటి అంటుబిళ్ల, దానికి రెండు పక్కలా చెవుల్లాంటి మడతలు, నడుమకు కొంచెం వెనక పొట్ట అంటుబిళ్ల, దాని కింద పట్టు అవయవం. ఒళ్లంతా చల్లినట్టు మెరిసే సున్నపు రేణువులు ఉంటాయి. కటకంలోని ఈ పురుగుల చుట్టూ గుల్ల ఉండదు. గట్టి గుండ్రటి తిత్తి కనిపిస్తే అది వేరే జాతి.

లెక్క ఎప్పుడూ కన్నుకు ఇన్ని అని రాయాలి, చేపకు ఇన్ని అని కాదు. ఒక గుంపు పరిస్థితి తెలియాలంటే ఒకటి రెండు చేపలు చాలవు. ఒకే చోట పట్టిన, ఒకే సైజు చేపలు ఇరవై ముప్పై అయినా చూడాలి. ఈ పురుగులు అందరికీ సమానంగా పంచినట్టు ఉండవు. చాలా చేపల్లో కొద్దిగా, కొన్నింటిలో విపరీతంగా ఉంటాయి.

ఏ జాతో సూక్ష్మదర్శినితో చెప్పవచ్చా?

కటకం పురుగా, ద్రవంలోదా, రెటీనాదా అన్నంతవరకు చెప్పవచ్చు. అంతకు మించి కష్టం. డిప్లోస్టోమమ్ పిల్ల దశలన్నీ ఒకేలా ఉంటాయి. నమ్మకంగా చెప్పాలంటే డీఎన్ఏ పరీక్ష కావాలి. అందుకు పురుగులను 96 శాతం ఇథనాల్‌లో వేయాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్ఏ పాడవుతుంది. డీఎన్ఏ పరీక్షలు రాకముందు కటకంలో దొరికిన ప్రతిదాన్నీ స్పథేసియమ్ అనేశారు. పాత నివేదికల్లో ఆ పేరు చూసినప్పుడు ఒక జాతిగా కాక ఒక గుంపుగా చదువుకోవడం మంచిది.

తెల్లకన్నుకు ఇంకేం కారణాలు ఉంటాయి?

పెంచే చేపల్లో మేతలో జింక్, మెథియోనిన్, హిస్టిడిన్, రైబోఫ్లేవిన్ తగ్గితే శుక్లం వస్తుంది. అలా వస్తే ఒకే మేత తిన్న గుంపులో చాలా చేపలకు, రెండు కళ్లకూ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. నీటిలో వాయువులు మితిమీరి కరిగితే కన్ను ఉబ్బుతుంది, కార్నియా కింద, రెక్కల్లో బుడగలు కనిపిస్తాయి. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా సోకితే కన్ను ఉబ్బి మసకబారుతుంది, చేప తిరుగుతూ ఈదుతుంది. కార్నియా మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలుంటే తెల్లమచ్చ రోగం. ఎండ దెబ్బ, ఉప్పుశాతం హఠాత్తుగా మారడం కూడా కటకాన్ని మసకబరుస్తాయి. ఒకే చేపలో రెండు కారణాలు కలిసి ఉండడం అరుదేమీ కాదు. కంట్లో రెండు పురుగులు దొరికాయని మేత లోపాన్ని వదిలేయకండి.

నా నీళ్లలోని నత్తలు ప్రమాదకరమో కాదో ఎలా తెలుస్తుంది?

గుల్లను మొన పైకి, నోరు మీవైపు ఉండేలా పట్టుకోండి. నోరు కుడివైపు ఉండి, గుల్ల పలచగా, నోటికి గట్టి మూత లేకుండా ఉంటే లిమ్నియా కుటుంబం. నోరు ఎడమవైపు తెరుచుకుంటే ఫైసా. చాప చుట్టలా చప్పగా చుట్టుకుని ఉంటే ప్లానోర్బిస్ రకం. డిప్లోస్టోమమ్‌కు కావలసింది మొదటిది.

అది పురుగు వదులుతోందా అన్నది తెలియాలంటే, ఒక్కో నత్తను ఒక్కో చిన్న గాజు గ్లాసులో, క్లోరిన్ లేని 30 నుంచి 50 మిల్లీలీటర్ల వడకట్టిన నీళ్లలో వేసి, 20 డిగ్రీల దగ్గర వెలుగులో మూడు నాలుగు గంటలు ఉంచండి. గ్లాసు వెనక నల్ల కాగితం పెట్టి చూస్తే, పురుగు ఉన్నచోట నీళ్లు ధూళి పడినట్టుంటాయి, ఆ ధూళి తనంతట తానే ఎగిరెగిరి పడుతుంది. పదిరెట్ల భూతద్దంతో చూస్తే తోక చీలిక తెలుస్తుంది. తోక చీలిక లేకుండా, గ్లాసు గోడకు అంటుకుని గుల్ల కట్టుకుంటుంటే అది కార్జపు జలగ కావచ్చు. తోక చీలి, తల దగ్గర రెండు నల్లటి కంటిచుక్కలు కూడా ఉంటే, అది పక్షుల రక్తనాళాల్లో ఉండే జాతి. మనిషి చర్మంలో దూరి దురద దద్దుర్లు తెస్తుంది. అందుకే ఈ పరీక్షంతా చేతి తొడుగులతో చేయాలి. ఒకరోజు ఏమీ రాకపోతే మర్నాడు మళ్లీ చూడండి, పురుగు ఇంకా ముదరని నత్త ఏమీ వదలదు.

సోకిన చేపను తినవచ్చా?

బాగా ఉడికిస్తే తినవచ్చు. ఈ పురుగు కంట్లో ఉంటుంది, కండలో కాదు. ఉడికినా వేగినా చచ్చిపోతుంది. లోపలి భాగం 63 డిగ్రీలు చేరేలా వండాలి. పచ్చిగా, అరకొరగా కాల్చి మాత్రం ఏ మంచినీటి చేపనూ తినకండి. కంటి ఫ్లూక్ వల్ల కాదు, మనిషి కాలేయానికి పట్టే క్లోనార్కిస్, ఓపిస్తార్కిస్ లాంటి వేరే ఫ్లూకులు చేప కండలోనే ఉంటాయి కాబట్టి.

ఇక్కడే ఒక అపోహ తీర్చాలి. వండిన చేప కంట్లో గట్టి తెల్లగోళీ కనిపిస్తే అది రోగం కాదు, పురుగు గుడ్డూ కాదు. అది కటకమే. గుడ్డు తెల్లసొన ఉడికితే తెల్లబడినట్టే కటకంలోని ప్రొటీన్ కూడా గట్టిపడుతుంది. ప్రతి చేపలోనూ అంతే.

మందుతో నయమవుతుందా?

పురుగును చంపే మందు ఉంది, ప్రాజిక్వాంటెల్. కన్నును పూర్వంలా చేసే మందు లేదు. పురుగు చచ్చినా మసకబారిన కటకం మళ్లీ నిర్మలం కాదు, చచ్చిన పురుగుల అవశేషాలూ అందులోనే మిగులుతాయి. చర్మం, మొప్పల మీది ఫ్లూకులకు లీటరుకు 2 నుంచి 10 మిల్లీగ్రాముల చొప్పున స్నానం చేయిస్తారు. అదే మోతాదు కటకంలోని పురుగుకూ చాలుతుందనుకోవద్దు, అక్కడికి మందు చేరడమే కష్టం. మేతలో కలిపితే చేదు వల్ల చేపలు ఉమ్మేస్తాయి, చూపు తగ్గిన చేప అసలే మేత సరిగా తినదు. తినే చేపలకు ఈ మందు వాడకంపై చాలాచోట్ల నిబంధనలు, మందు ఆపాక ఆగాల్సిన గడువులు ఉన్నాయి. చేపల వైద్యుడి సలహా లేకుండా వాడొద్దు. విలువైన తల్లిచేపలకు, తొట్టిలోని కొద్ది చేపలకు తప్ప మందు మీద డబ్బు పెట్టడం దండగ. ఆ డబ్బు నీళ్లు వచ్చే దారి మీద పెట్టండి.

నది నీళ్లు వాడే హ్యాచరీలో, చెరువులో దీన్ని ఆపడం ఎలా?

సెర్కేరియా బయట బతికేది వెచ్చని నీళ్లలో ఒకటి రెండు రోజులే. మీ చేతిలోని బలమైన ఆయుధం ఇదే. నది నీళ్లను నత్తలు లేని తొట్టిలో 48 గంటలు నిలవబెట్టి తర్వాత పిల్లలకు ఇస్తే, వచ్చిన సెర్కేరియాల్లో దాదాపు అన్నీ అక్కడే చస్తాయి. తొట్టిలో ఒక్క లిమ్నియా చేరినా ఈ శ్రమంతా వృథా. గోడలు, పైపుల లోపల వారానికోసారి చూసి గీకాలి. బోరు నీళ్లు దొరికితే పిల్ల దశంతా వాటితోనే గడపడం అన్నింటికన్నా మేలు.

జల్లెడ గుడ్డను నమ్ముకోకండి. సెర్కేరియా మెత్తనిది, సన్నగా సాగి దూరిపోతుంది. పెద్ద నత్తలను ఆపడానికి జల్లెడ, సెర్కేరియాలను తగ్గించడానికి ఇసుక ఫిల్టర్, రెండూ వేర్వేరు పనులకు. ఇసుక ఫిల్టర్‌ను ఎదురు నీటితో కడగడం మానేస్తే నీళ్లు ఇసుకలో ఒక దారి చేసుకుని పోతాయి, అప్పుడది పేరుకే ఫిల్టర్.

మట్టి చెరువైతే పిల్లలు వేసే ముందు పూర్తిగా ఎండగట్టాలి. పై బురద పగుళ్లు తేలినంత మాత్రాన చాలదు, నత్తలు తడి మట్టిలోకి దిగి కొన్ని వారాలు బతుకుతాయి. తడి ఆరని గుంటల్లో, గట్టు వారల్లో 100 చదరపు మీటర్లకు 10 నుంచి 15 కిలోల పొడి సున్నం చల్లాలి. కళ్లకు, చేతులకు రక్షణ తప్పనిసరి. నీళ్లు పెట్టాక పీహెచ్ 9 కంటే తగ్గేదాకా, సాధారణంగా పది పదిహేను రోజులు, పిల్లలు వేయకూడదు.

నీళ్లున్న చెరువులో గట్టు వార కలుపు తీసేయడం చాలా ఉపయోగం. ఆకుల అడుగున రెండు మూడు సెంటీమీటర్ల పొడవున, పారదర్శకంగా, జిగురు పురుగులా అంటుకుని ఉండేవి లిమ్నియా గుడ్ల పోగులు. కలుపును నీళ్లకు దూరంగా వేసి ఎండబెట్టాలి, గట్టు మీదే వదిలితే వానకు మళ్లీ లోపలికి జారతాయి. చేత్తో ఏరేటప్పుడు ముందు పెద్ద నత్తలను ఏరండి. గుడ్డులోంచి వచ్చిన నత్తపిల్లకు పుట్టుకతో పురుగు ఉండదు, వయసు పెరిగేకొద్దీ సోకే అవకాశం పెరుగుతుంది. సెర్కేరియాలు కుమ్మరించేవి ఎక్కువగా ఆ ముదురు నత్తలే.

చేపలను రేస్‌వేలలో (నీళ్లు ఆగకుండా పారే పొడవాటి తొట్లలో) పెంచేచోట నీటి వేగం పెంచితే సోకడం తగ్గుతుంది. బలంగా ఈదలేని సెర్కేరియా చేప పక్కనుంచే కొట్టుకుపోతుంది, నత్తలూ నిలవలేవు.

మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వేస్తే నత్తలు పోవా?

పోతాయి, చేపలూ పోవచ్చు. రాగి విషం నీటి క్షారత్వం మీద ఆధారపడి ఉంటుంది. మొత్తం క్షారత్వం లీటరుకు 50 మిల్లీగ్రాములకు తక్కువున్న నీళ్లలో చాలా చిన్న మోతాదే చేపలను చంపుతుంది. ట్రౌట్‌కు మరీ ప్రమాదం. పైగా రాగి బురదలో పేరుకుపోతుంది. చేపలున్న చెరువులో వద్దు, నదిలోకి గానీ నదిలో కలిసే కాలవలోకి గానీ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

పక్షులను రాకుండా చేస్తే సరిపోతుందా?

కొంత. మీ చెరువు మీద వల, తీగలు కట్టడం చేపల నష్టాన్ని, రెట్టను రెండింటినీ తగ్గిస్తుంది. కానీ నది నీళ్లు వాడుతుంటే ఎగువన ఎక్కడో వాలిన పక్షుల రెట్టలోని పురుగు గుడ్లు, అక్కడి నత్తల సెర్కేరియాలు ఎలాగూ వస్తాయి. పక్షులను చంపడం చాలాచోట్ల నేరం, ఎక్కడా పరిష్కారం కాదు.

చేయగలిగిన పని మరొకటి ఉంది, ఖర్చు లేనిది. చేపలు శుభ్రం చేశాక తలలు, కళ్లు గట్టు మీద పారేయకండి. గల్ పక్షులు వాటికోసమే మూగుతాయి, ఆ కళ్లలోని పురుగులు నేరుగా వాటి పేగుల్లోకి పోతాయి. ఒక తల పారేయడం అంటే పురుగుకు మూడో మజిలీ మన చేత్తో అందించడమే. లోతుగా పూడ్చండి, లేదా ఉడికించి పారేయండి.

గాలానికి పడిన తెల్లకన్ను చేపను తిరిగి వదలాలా?

పట్టిన చోటే వదిలితే కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు, ఆ నీళ్లలో పురుగు ముందే ఉంది. మరో నదిలోనో చెరువులోనో మాత్రం వదలకండి. గాలపు వల, బూట్లు, బకెట్లకు నత్తలూ గుడ్ల పోగులూ అంటుకుని ప్రయాణిస్తాయి. చోటు మారేముందు కలుపు దులిపి పూర్తిగా ఎండబెట్టండి.

అక్వేరియంలోకి వస్తుందా?

రెండు దారుల్లో: నదిలో పట్టి తెచ్చిన, అప్పటికే సోకిన చేప, లేదా నది నుంచి తెచ్చిన మొక్కలతో వచ్చిన నత్త. మొదటిదానితో తొట్టిలోని వేరే చేపలకు ప్రమాదం లేదు. రెండోది నెలల తరబడి సెర్కేరియాలు వదలగలదు, చిన్న తొట్టిలో అవి తప్పించుకోలేని సంఖ్యలో చేపలకు తగులుతాయి. అయితే అక్వేరియంలో పక్షి లేదు గనుక కొత్త నత్తలకు సోకదు, ఆ నత్తను తీసేస్తే కథ ముగిసినట్టే. బయటి మొక్కలను విడి బకెట్‌లో రెండు మూడు వారాలు ఉంచి, కనిపించిన ప్రతి నత్తనూ, గుడ్ల పోగునూ తీసేశాక తొట్టిలో పెట్టండి.

చేపల వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు ఏం సిద్ధం చేసుకోవాలి?

బతికున్న చేపలు నాలుగైదు, అవి ఉన్న నీళ్లతోనే, గాలి పంపు పెట్టి. అదే గుంపులో బాగా ఉన్నవి రెండు కూడా తీసుకెళ్లండి, పోల్చడానికి. నీళ్ల వేడి, నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయి, పిల్లలు వేసిన తేదీ, మేత పేరు, మేత సంచి మీది తయారీ తేదీ, మొదట తెల్లదనం కనిపించిన రోజు రాసుకోండి. నీళ్లు వచ్చే చోట ఏరిన నత్తలు పది, తడి గుడ్డలో చుట్టి విడి డబ్బాలో. ఈ నత్తలే చాలామంది మర్చిపోతారు, చాలాసార్లు సమాధానం దొరికేది ఆ డబ్బాలోనే.